వార్డులో పెద్దవాళ్ళతో మెలగడం పిల్లలకు నేర్పేదెలా: పర్లాకిమిడి నుంచి ఒక నర్సింగ్ ట్యూటర్ నోట్సు

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఒడిశాలో ఉన్న మా గజపతి జిల్లాలో నర్సింగ్ చదవడానికి వచ్చే పిల్లలు మూడు రకాల ఇళ్ళ నుంచి వస్తారు. పర్లాకిమిడి, కాశీనగరం వైపు తెలుగు ఇళ్ళు, మోహనా వైపు ఒడియా ఇళ్ళు, గుమ్మ, సెరంగో కొండల మీది సవర ఇళ్ళు. ఏ ఇంట్లోనూ పెద్దవాళ్ళను తూలనాడమని నేర్పి పంపరు. అలాంటి పిల్ల వార్డు పోస్టింగ్ మొదలై మూడు నెలలు తిరిగేసరికి డ్యూటీ రూమ్‌లోకి వచ్చి, "మేడమ్, తొమ్మిదో బెడ్డు ముసల్ది మళ్ళీ తడిపేసింది" అంటుంది. ఆ మాట ఇంటి నుంచి తెచ్చుకున్నది కాదు. మా దగ్గర నేర్చుకున్నదే.

ఇరవై రెండేళ్ళుగా నర్సుగా, అందులో పద్నాలుగేళ్ళు ట్యూటర్‌గా ఉన్న అనుభవంతో ఇది రాస్తున్నాను. ముఖ్యంగా పాఠం చెప్పేవాళ్ళ కోసం: ట్యూటర్లు, సీనియర్ సిస్టర్లు, హౌస్ సర్జన్లకు పని నేర్పే డాక్టర్లు. పిల్లలు చదివినా నష్టమేమీ లేదు.

వయసును బట్టి మనిషిని తక్కువ చేసి చూడటాన్ని ఇంగ్లీషులో ఏజిజం అంటారు. 1969లో రాబర్ట్ బట్లర్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు పెట్టిన పేరు అది. తమ పేటలో ముసలివాళ్ళకు ఇళ్ళు కట్టిస్తామంటే చుట్టుపక్కలవాళ్ళు ఒప్పుకోకుండా గొడవ చేసిన సందర్భంలో ఆయన ఆ మాట వాడాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీని మీదే ఒక పెద్ద నివేదిక వేసింది. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి పెద్దవాళ్ళ మీద ఇలాంటి చిన్నచూపు ఉందని అందులో ఉంది. అయితే మన దగ్గర ఈ రోగానికి ముఖం వేరు. ఇక్కడ తిట్టేవాళ్ళు తక్కువ, "పాపం" అనేవాళ్ళు ఎక్కువ. పాపం అన్న మరుక్షణం ఆ మనిషిని అడగడం మానేసి కొడుకును అడుగుతాం. పిల్లలకు మర్యాద నేర్పనక్కర్లేదు, అది వాళ్ళకు ఉంది. ఆ జాలిని ఆపి, ఎదుటి మనిషిని అడగడం నేర్పాలి. ఇంకా కష్టమైన సంగతి, అది ముందు మనం నేర్చుకోవాలి.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి

పది రూపాయల నోట్‌బుక్ చాలు. పోస్టింగ్ మొదటి వారం పిల్లలకు వేరే ఏ పాఠమూ చెప్పకండి. వార్డులో, డ్యూటీ రూమ్‌లో, డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో పెద్దవయసు రోగుల గురించి ఎవరు ఏ మాట అన్నా అక్షరం మార్చకుండా అందులో రాయమనండి. అన్నవాళ్ళ పేరు రాయకూడదు, తేదీ రాయాలి. ఎవరినీ పట్టించడానికి కాదని ముందే చెప్పాలి. లేకపోతే వార్డు సిస్టర్లు మర్నాటికి మీతో మాట్లాడటం మానేస్తారు. మొదటి ఏడాది నాకు అదే జరిగింది.

వారం చివర నోట్‌బుక్ తెరిస్తే వచ్చేవి ఇంచుమించు ఇవే: "ముసలోడు", "బెడ్ 14", "చిన్నపిల్లలా అయిపోయింది", "ఈ వయసుకి ఇంకేం చేస్తాం", "దేవుడు తీసుకెళ్తే బాగుణ్ణు పాపం". నేను మొదటిసారి ఈ పని చేయించినప్పుడు రెండో పేజీలో ఒక వాక్యం కనిపించింది: "తాతని అటు తిప్పి పెట్టండి." ఎవరన్నారమ్మా ఇది అని అడిగాను. క్లాసంతా తలలు దించుకుంది. అన్నది నేనే. బియ్యం బస్తా గురించి చెప్పినట్టు చెప్పాను. ఆ తాతగారు మెలకువగానే ఉన్నారు, "కొంచెం అటు తిరుగుతారా" అని అడిగితే తిరగగలిగిన మనిషి.

ఈ నోట్‌బుక్ వల్ల పిల్లలకు తెలిసేది ఒకటే: మాట ముందు మారుతుంది, చెయ్యి తర్వాత మారుతుంది. బెడ్ 14 అని పిలిచిన మనిషికి పక్క మార్చేటప్పుడు తెర వేయడం మర్చిపోతారు.

ఏమని పిలవాలి

దీనికి ఒకటే జవాబు చెప్పే పుస్తకాలు మన సరిహద్దులో పనికిరావు. మా వైపు పల్లెల్లో "తిన్నావా తాతా" అనడంలో తప్పేమీ లేదు, ప్రేమ ఉంది. అదే మాట కాశీనగరంలో ముప్పై ఏళ్ళు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన ఆయనతో ఇరవై ఏళ్ళ పిల్ల అంటే ఆయన ముఖం అటు తిప్పుకుంటారు. ఒడియాలో మరీ చిక్కు. తు, తుమె, ఆపణ అని మూడు మెట్లున్నాయి. మన తెలుగు పిల్లలు ఒడియా కొత్తగా నేర్చుకుంటూ పెద్దావిడను తు అనేసి, ఎందుకు కోపం వచ్చిందో తెలియక బిక్కమొహం వేస్తారు. ఒడియా రానివాళ్ళకు నేను ఆపణ ఒక్కటే నేర్పిస్తాను. ఎక్కువ మర్యాద వల్ల ఎవరూ చెడిపోలేదు.

అడ్మిషన్ రోజునే అడగమని చెప్పండి: "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" వచ్చిన జవాబు కేస్ షీట్ పైన పెన్సిల్‌తో రాయాలి. మాస్టారు, మామ్మ, పంతులుగారు, మౌసీ, ఆయీ, ఏదైనా సరే. మామ్మ, తాత అనే వరసలతో నాకు పేచీ లేదు, పేరు తెలుసుకోకుండా వరస తగిలించడంతోనే పేచీ. వార్డులో నలుగురు మామ్మలుంటే మందు ఎవరికి వెళ్తుందో ఆలోచించండి.

చెవులు, గొంతు, గిడుగు

పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు పిల్లలు చేసే మొదటి తప్పు అరవడం. వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి, హెచ్చు స్థాయి ధ్వనులు. స, ష, త, క లాంటి హల్లులు కలిసిపోయి వినిపిస్తాయి. గొంతు పెంచితే స్థాయి కూడా పెరుగుతుంది, ఆడపిల్లల గొంతు కీచుమంటుంది, అంటే సరిగ్గా వాళ్ళకు వినబడని చోటికే మాటను తీసుకెళ్తున్నాం. చేయాల్సింది దీనికి తిరగేసి: గొంతు తగ్గించి, కాస్త బొంగురుగా, నిదానంగా. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చోవాలి. వెలుతురు మన ముఖం మీద పడాలి, కిటికీ మన వీపు వెనక ఉంటే పెదాలు కనిపించవు. మాస్కు అవసరం లేని చోట దించాలి. వీటన్నిటికంటే ముందు చెవిలో గుబిలి ఉందేమో డాక్టరు గారితో చూపించాలి. గుబిలి తీయగానే చెవుడు సగం పోయినవాళ్ళను నేను చూశాను.

ఒక చిట్కా చెబుతాను, పిల్లలకు ఇది భలే నచ్చుతుంది. స్టెతస్కోప్ చెవి గొట్టాలు రోగి చెవుల్లో పెట్టి, అవతలి చివరి గుండ్రటి డయాఫ్రం దగ్గర మామూలు గొంతుతో మాట్లాడండి. గొంతు తగ్గించే మాట్లాడాలి సుమా. పాతపట్నం నుంచి వచ్చిన ఒక తాతగారు రెండు రోజులుగా ఏమడిగినా నవ్వి ఊరుకుంటున్నారు. "మతి లేదు" అని రౌండ్స్‌లో ఎవరో అనేశారు కూడా. మా మూడో సంవత్సరం పిల్ల స్టెత్ పెట్టి అడిగింది, "ఎక్కడ నొప్పి తాతగారూ?" ఆయన ఉలిక్కిపడి, "ఏటమ్మా, ఇన్నాళ్ళూ ఇలా అడగొచ్చు కదా. మీరంతా నోళ్ళు ఆడిస్తన్నారు, ఏటో సినిమా సూసినట్టుంది నాకు" అన్నారు. తర్వాత ఇరవై నిమిషాలు ఆపకుండా మాట్లాడారు. ఆయన మతికి ఏ లోటూ లేదు.

ఇక్కడ క్లాసులో నేను గిడుగు వెంకట రామమూర్తి గారి సంగతి చెబుతాను. పర్లాకిమిడి పిల్లలకు ఆయన పేరు తెలుసు, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం కాబట్టి. ఆయన ఇక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్తూ, కొండలెక్కి సవర భాష నేర్చుకున్నారు. ఆ అడవుల్లో మలేరియాకు క్వినైన్ బాగా వాడి వినికిడి పోగొట్టుకున్నారు. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఇక్కడ ఉండలేక రాజమండ్రి వెళ్ళిపోయారు. ఆయన సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. 1863లో పుట్టిన మనిషి, లెక్క మీరే వేసుకోండి. నేను పిల్లలను అడిగే ప్రశ్న ఇది: డెబ్బై అయిదేళ్ళు, చెవుడు, ఊరు మారి వచ్చారు, అడిగినదానికి వేరే జవాబు చెబుతున్నారు. ఈయన రేపు మీ వార్డుకి వస్తే కేస్ షీట్‌లో ఏం రాస్తారు?

సాధారణంగా ఎవరూ జవాబు చెప్పరు. ఒకసారి మాత్రం ఒకమ్మాయి "కన్‌ఫ్యూజ్డ్ అని రాస్తాం మేడమ్" అని నిజాయితీగా చెప్పింది.

భాష సంగతి కూడా ఇందులోనే వస్తుంది. మా వార్డులో సవర ముసలమ్మలను "మాట వినదు, సహకరించదు" అని రాసిన సందర్భాలు ఉన్నాయి. వాళ్ళు సవరలో మాట్లాడుతున్నారు, మేము తెలుగులోనూ ఒడియాలోనూ అరుస్తున్నాం, అంతే జరిగింది. మీ బ్యాచ్‌లో సవర పిల్ల ఉంటే ఆమెకు దుబాసీ పని అంటగట్టి వదిలేయకండి. ఆమె చేత మిగతావాళ్ళకు పది మాటలు నేర్పించండి: నొప్పి, నీళ్ళు, తిన్నావా, ఒంటికి (మూత్రానికి), భయపడకు, ఇలాంటివి. ఏడాదంతా వెనక బెంచీలో కూర్చున్న పిల్ల ఆ గంటసేపు టీచరమ్మ అవుతుంది. ఆ ముసలమ్మను చూసే చూపూ, ఈ పిల్లను చూసే చూపూ ఒకేరోజు మారడం నేను రెండు మూడు సార్లు చూశాను.

ఎవరిని అడుగుతున్నారో గమనించండి

మా నాన్నకు ఎనభై ఒకటి. రెండేళ్ళ క్రితం ఒక పెద్ద ఊళ్ళో ఓపీకి తీసుకెళ్ళాను. కుర్రడాక్టరు నాన్న ఎదురుగానే నావైపు చూసి, "ఈయనకి షుగర్ ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు నాన్న చొక్కా జేబులోంచి డైరీ తీసి, ఆరు నెలల రీడింగులు తేదీలతో సహా చదవడం మొదలుపెట్టారు. ఆ అబ్బాయి విన్నాడు, కానీ మందులు ఎలా వేసుకోవాలో మళ్ళీ నాకే చెప్పాడు. ఇంటికొచ్చే దారిలో నాన్న ఒకటే అన్నారు, "నేను అక్కడ లేనా?"

అందుకే మా పిల్లలకు ఒక నియమం పెట్టాను. మొదటి మూడు నిమిషాలు రోగితోనే. ఆ తర్వాతే, అదీ రోగిని అడిగి, కొడుకుతోనో కోడలితోనో మాట్లాడాలి. వాచీ చూసుకుంటూ చేయించండి. మొదట్లో నలభై సెకన్లకే కళ్ళు అటెండర్ వైపు, అంటే రోగి వెంట వచ్చిన ఇంటివాళ్ళ వైపు, వెళ్ళిపోతాయి. నేను బెడ్ కాళ్ళ దగ్గర నిలబడి ఆ సెకన్లు లెక్కపెట్టి రాసుకుంటాను. కొడుకు మధ్యలో దూరి "దానికేం తెలీదు సిస్టర్, నేను చెప్తాను" అంటాడు. అప్పుడేమనాలో ముందే సాధన చేయించండి. "మీరు కూడా చెబుదురుగాని బాబూ, ముందు అమ్మగారి నోటితో విని రాసుకుంటాను" అంటే చాలావరకు ఊరుకుంటారు.

అటెండర్ బయటికి వెళ్ళినప్పుడు మాత్రమే పెద్దావిడ గొంతు మారితే, ఒంటి మీద కారణం చెప్పలేని దెబ్బలు కనిపిస్తే, పిల్లలు ఆ సంగతి ట్యూటర్‌కీ డాక్టరుకీ చెప్పాలి, తామే పంచాయితీ పెట్టకూడదు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007 నుంచి ఉంది. పెద్దవాళ్ళ కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. ఆ నంబరు డ్యూటీ రూమ్ గోడకు అంటించండి.

"వయసు వల్ల" అనే మాటను నిషేధించండి

నేను స్టాఫ్ నర్సుగా చేరిన రెండో ఏడు. ఏ ఆస్పత్రో ఇక్కడ అనవసరం. కాలి పుండుతో ఒక డెబ్బై అయిదేళ్ళ మామ్మ చేరింది. మొదటి రెండు రాత్రులు ఒకటే సణుగుడు, నీళ్ళనీ, దుప్పటనీ. మూడో రాత్రి చప్పుడు లేదు. హాయిగా ఉంది అనుకున్నాను. రిపోర్టులో "రోగి ప్రశాంతంగా నిద్రపోయింది" అని రాసి సంతకం పెట్టాను. పొద్దున్న కోడలు టీ ఫ్లాస్కుతో వచ్చి, పిలిచి, చెయ్యి పట్టుకుని ఊపి, నావైపు తిరిగి, "మా అత్త ఇలా పడి ఉండే మనిషి కాదమ్మా, నిద్దట్లో కూడా నన్ను తిడతాది" అంది. వయసు కదా, నీరసం అన్నాను. ఆ కోడలు వదల్లేదు. డాక్టరు గారిని పిలిపించింది. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టగానే బొడ్డు దాకా గట్టిగా బంతిలా తగిలింది. కాథెటర్ వేస్తే లీటరుకు పైగా వచ్చింది. మూత్రం ఆగిపోయి డెలీరియంలోకి, అంటే ఒంట్లో జబ్బు వల్ల ఉన్నట్టుండి మతి చెదిరే స్థితిలోకి, జారిపోయింది మామ్మ. కోడలిని గుర్తుపట్టి మళ్ళీ తిట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

డెలీరియం అంటే అరుపులు, సెలైన్ పీక్కోవడం అనే పిల్లలు అనుకుంటారు. గుట్టుచప్పుడు కాకుండా మత్తుగా పడి ఉండే రకమూ ఉంది, పెద్దవాళ్ళలో ఎక్కువగా దొరక్కుండా పోయేది అదే. ఎందుకు దొరకదంటే ముసలివాళ్ళు నిద్రపోవడం మనకు మామూలుగా కనిపిస్తుంది. చూపు తప్పయితే పరీక్ష కూడా తప్పుతుంది. న్యుమోనియా జ్వరం లేకుండా రావచ్చు. గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగానో, వాంతిగానో, పడిపోవడంగానో రావచ్చు. "వయసు వల్ల" అని ముడి వేసేస్తే ఇవన్నీ ఆ మూటలోనే ఉండిపోతాయి.

కాబట్టి నియమం: విద్యార్థి రికార్డులో "వయసు రీత్యా" అని రాస్తే, దాని కింద వయసు కాని కారణాలు మూడు రాయాలి, వాటిని చూశానని సంతకం పెట్టాలి. నీరసమా? మూత్రం, మలబద్ధకం, సోడియం. తూలడమా? పడుకోబెట్టి అయిదు నిమిషాల తర్వాత బీపీ చూసి, నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్ళీ చూడాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే అది వయసు కాదు. మర్చిపోతున్నారా? ముందు మనసు నిలకడ (అటెన్షన్) చూడండి. పుస్తకంలో డిసెంబరు నుంచి నెలలు వెనక్కి చెప్పమని ఉంటుంది. మా మామ్మలకు ఆ నెలలతో పనేముంది? నేను వారాలు వెనక్కి చెప్పమంటాను, ఆదివారం, శనివారం, శుక్రవారం అని. ఏ వారం ఏ ఊరి సంతో చెప్పగలిగిన మనిషి వారాల దగ్గర తప్పారంటే అప్పుడు కంగారు పడాలి. ఇంట్లోవాళ్ళను అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటే: "ఈ మార్పు ఎప్పటి నుంచి?" నిన్నటి నుంచి అంటే డాక్టరు గారిని లేపండి.

మందుల సంచీ

"జీరియాట్రిక్స్‌లో (పెద్దవయసువాళ్ళ వైద్యంలో) ఏముంటుంది మేడమ్, డైపర్లే కదా" అన్న పిల్లకు నేను కోప్పడను. మందుల సంచీ ఇస్తాను.

మా సరిహద్దులో ఒక పెద్దావిడ సంచీ అంటే ఇలా ఉంటుంది. పర్లాకిమిడి ఆస్పత్రి చీటీ ఒకటి. పాతపట్నంలో ఆర్ఎంపీ ఇచ్చినవి నాలుగు, కాగితం లేకుండా. శ్రీకాకుళంలో కూతురు ఇంటికి వెళ్ళినప్పుడు చూపించుకున్నవి, విశాఖపట్నంలో మనవడు చూపించినవి. నాలుగు చోట్ల నాలుగు వైద్యాలు, ఏ డాక్టరూ రెండో చీటీ చూడలేదు. సంచీలోని స్ట్రిప్పులన్నీ న్యూస్‌పేపర్ మీద పరిచి, బ్రాండు పేరు వదిలేసి అసలు మందు పేరు ప్రకారం కుప్పలు పెట్టమనండి. ఒకసారి ఇలా చేయిస్తే బీపీ మందు ఆమ్లోడిపిన్ రెండు పేర్లతో రెండుసార్లు పడుతోందని తేలింది. ఆమ్లోడిపిన్‌కు పాదాలు వాస్తాయి. ఆ వాపు చూసి మూడో చోట నీరు లాగే మాత్ర ఇచ్చారు. ఆ మాత్రకు రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వచ్చి, చీకట్లో తూలి పడింది. పడినందుకు మా దగ్గర చేరింది. అడ్మిషన్ కాగితంలో పడటానికి కారణం దగ్గర ఏం రాశారో చెప్పనక్కర్లేదు.

ఆ సంచీ విప్పిన పిల్ల ఇప్పుడు ఫైనలియర్. ఐసీయూ పోస్టింగ్ ఎంత కష్టమో ఇదీ అంతే కష్టమని తనే జూనియర్లకు చెబుతోంది. తెలివైన పిల్లలకు ఐసీయూ, వెనకబడ్డవాళ్ళకు మంచం పట్టిన ముసలివాళ్ళ స్పాంజ్ బాత్ అని కేసులు పంచే అలవాటు ట్యూటర్లకు ఉంటుంది. నాకూ ఉండేది. మనం కేసు పంచే తీరులోనే పిల్లలకు విలువ అర్థమైపోతుంది, ఆ తర్వాత బోర్డు మీద ఏం రాసినా ఒకటే. అందుకని ఇప్పుడు తొమ్మిది పది మందులున్న పెద్దావిడను క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్లకు ఇస్తాను.

ముసలి వేషం: జాగ్రత్తగా

విదేశాల్లో దీనికి ప్రత్యేకంగా సూట్లు అమ్ముతారు. మనకు అంత అక్కర్లేదు. పాత కళ్ళద్దాలకు వ్యాజిలైన్ రాసి, చెవుల్లో దూది పెట్టి, మోకాళ్ళకు క్రేప్ బ్యాండేజీ బిగించి, చెప్పుల్లో పచ్చి శనగలు పోసి, చేతులకు రెండు జతల గ్లవ్స్ తొడిగితే సరిపోతుంది. అప్పుడు స్ట్రిప్‌లోంచి ఒక మాత్ర తీసి సగానికి విరవమనండి. డిశ్చార్జ్ చీటీ చదవమనండి. బాత్రూమ్ దాకా వెళ్ళి రమ్మనండి, వెనక నుంచి ఇంకో పిల్ల "త్వరగా, త్వరగా" అంటూ ఉండాలి.

మొదటి రెండేళ్ళు ఇది చేయించి నేనేదో సాధించాననుకున్నాను. తర్వాత పిల్లలు రాసినవి చదివితే సగానికి పైగా కాగితాల్లో ఒకటే మాట: "అమ్మో, ముసలితనం వద్దు." భయం పెంచి పంపించాను. భయపడ్డవాళ్ళు దగ్గరికి రారు.

ఇప్పుడు వేషం తీసేసిన వెంటనే, అదే గదిలో, డెబ్బై దాటి తన పని తాను చేసుకునే మనిషిని ఒకరిని కూర్చోబెడతాను. మీకు కష్టమైన పని ఆవిడ ఎలా చేస్తుందో అడగండి అంటాను. ఒకసారి వచ్చిన మామ్మకు చదువు రాదు, చూపు అంతంతమాత్రం. బీపీ స్ట్రిప్‌కు ఎర్ర దారం కట్టుకుంటుంది, షుగర్ స్ట్రిప్ మూల కత్తిరించుకుంటుంది, పొద్దున్నది పొద్దున్న, రాత్రిది రాత్రి వేసుకుంటుంది. మా పిల్లలు గ్లవ్స్ తీసి ఆ స్ట్రిప్పులు పట్టుకుని కళ్ళు మూసుకుని ప్రయత్నించారు. ఆ పద్ధతి మా డిశ్చార్జ్ టీచింగ్‌లోకి అలాగే వచ్చింది.

ఆస్పత్రి బయట

డాక్టర్లూ నర్సులూ చూసేది జబ్బుపడ్డ పెద్దవాళ్ళనే. పెద్దవాళ్ళంటేనే జబ్బు అనే లెక్క అక్కడే పుడుతుంది. కాబట్టి కమ్యూనిటీ పోస్టింగ్‌లో ఒకరోజు బీపీ మిషను లేకుండా పంపించండి. మిషను ఉంటే జనం వరస కడతారు, పిల్లలు మళ్ళీ నర్సులైపోతారు. పింఛను ఇచ్చే రోజు పంచాయతీ ఆఫీసు దగ్గర మంచి చోటు. పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కేవాళ్ళ దగ్గర ఇంకా మంచిది. చెప్పాల్సిన మాట: "మీకు వచ్చిన పని ఒకటి నాకు నేర్పండి." జబ్బు గురించి అడగకూడదు, వాళ్ళే చెబితే వినొచ్చు. మా పిల్లలు పనసతొనలు ఒలవడం, కొమ్మును రుద్ది నున్నన చేయడం, చీపురు కట్టడం నేర్చుకొచ్చారు. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన పాత చిన్నరైలు కబుర్లు మోసుకొచ్చారు. ఒకడికి మాత్రం గంటసేపు తిట్లు నేర్పారట. అదీ పనే.

కొలతలు

పరిశోధన చేసేవాళ్ళకు పెద్దవాళ్ళ పట్ల మన చూపును కొలిచే కొలబద్దలున్నాయి. కోగన్ 1961లో తయారుచేసిన 34 వాక్యాల స్కేలు నర్సింగ్ థీసిస్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది. పామోర్ 1977లో ఇచ్చిన 25 ప్రశ్నల అవును కాదు క్విజ్ క్లాసు మొదలుపెట్టడానికి సరదాగా ఉంటుంది. అమెరికాలోని యూసీఎల్ఏ విశ్వవిద్యాలయంవాళ్ళు 14 వాక్యాలతో డాక్టర్ల కోసం ఒకటి చేశారు. వాడండి, కానీ మన పిల్లలు అందులో మంచి జవాబులే రాస్తారని ముందే తెలుసుకోండి. పెద్దవాళ్ళ గురించి చెడుగా రాయడం ఇంట్లో నేర్పలేదు కదా. కాగితం మీద దేవుళ్ళు, బెడ్ దగ్గర బెడ్ 14. నాకు ఆ స్కోరు కంటే అటెండర్ వైపు తల తిరగడానికి పట్టిన సెకన్లే నమ్మకంగా అనిపిస్తాయి.

ఇదంతా మర్యాద గొడవ మాత్రమే కదా అని వాదించే ట్యూటర్లకు ఒక అంకె చెబుతాను. అమెరికన్ పరిశోధకురాలు బెక్కా లెవీ బృందం 2002లో అచ్చువేసిన అధ్యయనంలో, తమ ముసలితనం గురించి మంచిగా అనుకునేవాళ్ళు చెడుగా అనుకునేవాళ్ళకంటే సగటున ఏడున్నరేళ్ళు ఎక్కువ బతికారు. ఆ అనుకోవడం ఎక్కడి నుంచి వస్తుంది? రోజూ వినేదాన్నించే. ఓపీలో మనం అనేదాన్నించి కూడా.

సీనియర్లు ఎగతాళి చేస్తారు, అది తప్పదు. "ఇంత టైమ్ ఎక్కడుందమ్మా మాకు" అంటారు. వాళ్ళతో వాదించొద్దని పిల్లలకు చెబుతాను. అరవై మంచాలకు ఇద్దరు సిస్టర్లుండే వార్డులో వాళ్ళ మాటలో నిజం ఉంది. కుర్చీ లాక్కుని కూర్చుంటే నిలబడి అరిచినదానికంటే పని త్వరగా అవుతుందని నోటితో చెబితే నమ్మరు. చూస్తే ఒకరిద్దరు నమ్ముతారు.

నోట్‌బుక్ మాత్రం ఏటా కొంటున్నాను. ఈ ఏడాది బ్యాచ్‌ది పోయిన వారం తెరిచాం. నాలుగో పేజీలో, గుండ్రటి చేతిరాతతో: "19వ తేదీ. చలిగాలి వస్తోందని మేడమ్ ఆరో బెడ్ దగ్గర కిటికీ మూశారు. పంతులుగారిని అడగలేదు." రౌండ్స్ అయ్యాక వెళ్ళి, ఆయన ఎదురుగా కూర్చుని, కిటికీ ఎలా ఉంచమంటారు అని అడిగాను. తెరవమన్నారు. మహేంద్రతనయ నది మీంచి వచ్చే గాలి లేకపోతే నిద్ర పట్టదట. మరి మూడు రోజులుగా ఎందుకు చెప్పలేదండీ అంటే, "మీరు మూశారు కదా, ఏదో వైద్యం అనుకున్నాను" అన్నారు.